నల్లా గుంత, మూడు వాయిదాల సొమ్ము

మా విశ్వవిద్యాలయంలో విద్యార్థులే తలపెట్టి, విద్యార్థులే నడిపే సామాజిక ప్రాజెక్టులకు డబ్బు ఇచ్చే చిన్న పథకం ఒకటి ఉంది. ఏడాదికి ఆరు జట్లు, జట్టుకు గరిష్ఠంగా 75,000 రూపాయలు. సివిల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పుకునే నన్ను ఐదేళ్ల క్రితం ఈ జట్లకు మెంటర్‌గా వేశారు. ఆ మాటకు బదులు 'మార్గదర్శి' అందామనుకున్నాను గాని, అది దారి ముందే తెలిసిన మనిషికి చెల్లే మాట. నాకు దారి తెలియదు కనుక మానేశాను. 'కోచింగ్' అంటే హైదరాబాదులో అశోక్‌నగర్ గల్లీల్లోని గ్రూప్స్ క్లాసులు, అమీర్‌పేటలో ఒకదాని మీద ఒకటి వేలాడే సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు గుర్తుకొస్తాయి. అక్కడ కోచింగ్ అంటే జవాబును తొందరగా చేతిలో పెట్టడం. మా పనిలో సగం, ఆ జవాబును వీలైనంత ఆలస్యం చేయడమే. ఇది నాకు తెలిసేలోపు రెండు జట్ల డబ్బు మట్టిలో కలిసింది. ఒక జట్టు ప్రభుత్వ పాఠశాలలో పెట్టించిన నీళ్ల ఫిల్టరు, కార్ట్రిడ్జి మార్చే నాథుడు లేక నాలుగు నెలల్లో మూలకు చేరింది. ఇంకో జట్టు కొన్న ట్యాబులు ప్రధానోపాధ్యాయుడి గది బీరువాలో భద్రంగా ఉన్నాయి. పోతాయేమోనన్న భయంతో ఆయన వాటిని పిల్లల చేతికి ఇవ్వలేదు. రెండు ప్రతిపాదనల మీదా 'బాగుంది' అని రాసి సంతకం చేసింది నేనే.

గత ఏడాది ఆగస్టులో నలుగురు విద్యార్థులు పద్నాలుగు స్లయిడ్లతో నా గదికి వచ్చారు. మూసీ ఒడ్డునున్న ఒక బస్తీలో నల్లా నీళ్లు ఏ వేళకు వదులుతారో తెలియక ఆడవాళ్లు రాత్రిళ్లు మేలుకొని కూర్చుంటున్నారని, ఆ వేళను ముందుగా చెప్పే మొబైల్ యాప్ తయారుచేస్తామని వారి ప్రతిపాదన. అంచనా 72,000 రూపాయలు. అందులో 60,000 యాప్‌కు, మిగిలింది టీషర్టులకు, ప్రారంభోత్సవం బ్యానర్‌కు. "ఆ బస్తీకి ఎన్నిసార్లు వెళ్లారు?" అని అడిగాను. "ఒక్కసారి మేడం, ఎన్‌ఎస్‌ఎస్ కార్యక్రమానికి," అని మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన అమ్మాయి నిజమే చెప్పింది. ఆ నిజం చెప్పినందుకే నేను ఆ ఫైలును పక్కన పెట్టలేదు.

అంతకు ముందు ఏడాదే మా కమిటీని ఒక మార్పుకు ఒప్పించి ఉన్నాను. మంజూరైన మొత్తాన్ని మూడు వాయిదాల్లో ఇవ్వాలని, మొదటి వాయిదా 8,000 రూపాయలు కేవలం తిరగడానికి, చూడడానికి, కొలవడానికి మాత్రమే ఖర్చు చేయాలని. ఆ డబ్బుతో ఏదీ కట్టకూడదు, ఏదీ పంచకూడదు, ఫొటో దిగకూడదు. రెండు నెలల్లో కనీసం ఆరుసార్లు వెళ్లి రావాలి, ప్రతిసారీ నోటుబుక్కులో తేదీ వేసి, విన్నది విన్నట్టు రాయాలి. కమిటీలో ఒక పెద్దాయన "చూడడానికి కూడా డబ్బివ్వాలా అమ్మా?" అని నవ్వారు. చూడకుండా కట్టినదానికి అంతకంటే ఎక్కువ ఇచ్చామని, ఫిల్టరు సంగతి గుర్తుచేశాను.

ఇక్కడొక చిన్న తమాషా. 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం కనుక, జట్టులోని ఇద్దరమ్మాయిల ప్రయాణ ఖర్చు సున్నా, ఇద్దరబ్బాయిలకు మాత్రం టికెట్టు. ఖర్చుల పట్టికతో పాటు అమ్మాయిలు తమ జీరో టికెట్లు కూడా తేదీల వారీగా అంటించి ఇచ్చారు. అకౌంట్స్ సెక్షన్ గుమస్తా వాటిని చాలాసేపు తిరగేసి, చివరికి సున్నాలను కూడా కూడి పక్కన టిక్కు పెట్టాడు.

రెండో పర్యటనతోనే యాప్ కథ ముగిసింది. నీళ్లు ఎప్పుడొస్తాయన్నది బస్తీలో అందరికీ తెలుసు. లైన్‌మన్ వాల్వు తిప్పే ముందు గల్లీ వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క పెడతాడు. ఫోను లేని ఇంటికి పక్కింటివాళ్లు గోడ మీద తట్టి చెబుతారు. మరి మెలకువ దేనికి? ఈ ప్రశ్నకు జవాబు మూడో పర్యటనలో, ఉదయం నాలుగున్నరకు నీళ్లొచ్చే వేళ దగ్గరుండి చూస్తేగాని దొరకలేదు. ఒక పెద్దమ్మ వాకిట్లో రెండడుగుల లోతు గుంత ఉంది. అందులోకి దిగి, వంగి, మొదటి పది నిమిషాల నీళ్లను చెంబుతో తోడి మోరీలో, అంటే మురుగు కాలువలో, పోస్తోంది. "ఎందుకు పారబోస్తున్నరు పెద్దమ్మా?" అని అడిగితే, "వాసన పోవాలె గద బిడ్డా. ముందు నీళ్లు మోరీ నీళ్లే, ఎన్క నీళ్లే నల్లా నీళ్లు," అన్నదట. ఆ వాక్యం నోటుబుక్కులో అలాగే ఉంది. వారి పద్నాలుగు స్లయిడ్లలో ఇంత విషయం లేదు.

నల్లా గుంత అంటే తెలియని పాఠకుల కోసం కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ప్రాజెక్టు మొత్తం ఆ గుంతలోనే ఉంది. పైపు చివరన ఉన్న ఇళ్లకు నీటి ఒత్తిడి తక్కువగా అందుతుంది. నల్లా ఎంత కిందికి ఉంటే అంత ఎక్కువ నీళ్లు వస్తాయి కనుక, వాకిట్లో గుంత తవ్వి నల్లాను నేల మట్టానికి దిగువన పెట్టుకుంటారు. అప్పటికి అది తెలివైన పనే. తరవాత పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు వేస్తారు, మళ్లీ కొన్నేళ్లకు ఇంకోటి వేస్తారు. రోడ్డు పెరిగిన కొద్దీ ఇల్లూ గుంతా లోతుకు పోతాయి, మోరీ పొంగినప్పుడల్లా మురుగు నేరుగా గుంతలోకి దిగుతుంది. రోజు విడిచి రోజు నీళ్లు వదిలే చోట, సరఫరా లేని గంటల్లో పైపు ఖాళీగా, ఒత్తిడి లేకుండా ఉంటుంది. అప్పుడు గుంతలో నిలిచిన మురుగు వదులైన జాయింటు గుండా, మూయని నల్లా గుండా లోపలికి వెళుతుంది. లైనుకు నేరుగా మోటారు బిగించే ఇల్లు ఆ గల్లీలో ఒక్కటున్నా, అది పీల్చే పీల్పుకు ఈ పని ఇంకా తొందరగా జరుగుతుంది. మంజీరా నుంచి, కృష్ణా నుంచి, గోదావరి నుంచి అంత దూరం పంపు చేసి, శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి తెచ్చిన నీళ్లు చివరి రెండడుగుల్లో చెడిపోతున్నాయన్నమాట.

ఇది ఊహగా మిగిలిపోకూడదని మొదటి వాయిదా డబ్బులోంచి క్లోరిన్ పరీక్ష కిట్టు ఒకటి కొన్నారు. పది మిల్లీలీటర్ల నీళ్లు గాజు గొట్టంలో పోసి, డీపీడీ మాత్ర ఒకటి వేసి కలిపితే, క్లోరిన్ ఉన్నప్పుడు నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. రంగు ఎంత చిక్కగా ఉంటే క్లోరిన్ అంత ఉన్నట్టు. తాగునీటికి మన ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం వాడకందారుడి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. గల్లీ మొదట్లో, నేల మీద నల్లా ఉన్న ఇంట్లో పట్టిన నీళ్లు గులాబీగా మారాయి. పెద్దమ్మ గుంతలోంచి పట్టిన మొదటి చెంబు నీళ్లలో మాత్ర కరిగింది గాని రంగు రాలేదు. ఇరవై నిమిషాల తరవాత అదే నల్లాలో లేత గులాబీ కనిపించింది. చుట్టూ మూగిన ఆడవాళ్లకు ఆ రెండు గొట్టాలు పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు ఎవరికీ ఉపన్యాసం ఇవ్వాల్సిన అవసరం రాలేదు. పాతబస్తీ నుంచి వచ్చిన అబ్బాయి ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి "ఇందులో మందు ఉంది, ఇందులో లేదు" అన్నాడు, అంతే.

ఇక్కడే నేను దాదాపు తప్పు చేశాను. సివిల్ ఇంజినీరును కనుక గుంతను చూడగానే పరిష్కారం నా చేతివేళ్ల చివరనే ఉంది: గట్టు రోడ్డుకు తొమ్మిది అంగుళాల ఎత్తు పెంచాలి, అడుగున కాంక్రీటు వేయాలి, మూత పెట్టాలి, నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వు బిగించాలి. డ్రాయింగు గీసి ఇస్తే అరగంట పని. పెన్ను తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాను. "గుంత ఎవరిది, నల్లా ఎవరిది, పైపు ఎవరిది కనుక్కుని రండి," అని మాత్రం చెప్పి పంపాను. దానికి వారికి మూడు వారాలు పట్టింది. నగరానికి నీళ్లిచ్చే బోర్డు జలమండలి సెక్షన్ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగారు, దాని ఫిర్యాదుల నంబరు 155313కు ఫోను చేసి కలుషిత నీళ్ల ఫిర్యాదు నమోదు చేయించారు, చివరికి లైన్‌మన్‌ను చాయ్ బండి దగ్గర పట్టుకున్నారు. ఇంటి అవతలి పైపు బోర్డుది, ముట్టుకోకూడదు. గుంత మాత్రం ఇంటివాళ్లది, బాగుచేసుకోవచ్చు, వాల్వు బిగించే రోజు తాను వచ్చి లైను బంద్ చేస్తానని అతను మాట ఇచ్చాడు. నేను ఆ రోజే డ్రాయింగు ఇచ్చి ఉంటే లైన్‌మన్ ఈ ప్రాజెక్టుకు ఎదురు మనిషి అయ్యేవాడు. ఇప్పుడు గల్లీలో ఏ గుంతతో మొదలుపెట్టాలో అతనే చెప్పాడు.

డబ్బు సంగతికి వస్తాను. పథకం మొదలైనప్పుడు మా దగ్గర రీయింబర్స్‌మెంట్ పద్ధతి ఉండేది: విద్యార్థి ముందు తన జేబులోంచి పెట్టాలి, బిల్లులు సమర్పించాలి, పాసైతే మూడు నాలుగు నెలలకు ఖాతాలో పడాలి. దీని ఫలితం ఏమిటో ఎవరూ రాసిపెట్టలేదు గాని కళ్లకు కనిపించేదే. తండ్రి చేతిలో నుంచి ఇరవై వేలు తీసుకురాగల పిల్లల జట్లే చివరిదాకా నిలిచేవి. ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదివే పిల్లలు దరఖాస్తే పెట్టేవారు కాదు. ఏ బస్తీ గురించి ప్రాజెక్టో ఆ బస్తీ పిల్లలకే తలుపు మూసుకుపోయేదన్నమాట. అడ్వాన్సు ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదని చాలాకాలం చెబుతూ వచ్చారు. నిబంధన ఒప్పుకుంటుంది, కాకపోతే అడ్వాన్సు ఒక ఉద్యోగి పేరు మీద ఉండాలి, లెక్క తేలకపోతే ఆ ఉద్యోగి జీతంలోంచి కోస్తారు. ఇప్పుడు ఆ ఉద్యోగిని నేనే. గత మార్చిలో నా పేరు మీద తేలని అడ్వాన్సు లక్ష దాటి ఉన్నప్పుడు మా వారు ఆ కాగితం చూసి కాసేపు మాట్లాడలేదు.

మార్చి అన్నాను కనుక చెప్పాలి. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, ఖర్చు కాని సొమ్ము వెనక్కి పోతుంది. దరఖాస్తులు ఆగస్టులో, ఎంపిక అక్టోబరులో, మంజూరు ఉత్తర్వు డిసెంబరులో, రెండో వాయిదా జనవరి చివర. ఏప్రిల్‌లో పరీక్షలు. అంటే అసలు పనికి మిగిలేది ఫిబ్రవరి, మార్చి. నల్లా కష్టం ముదిరేది మేలో, మోరీ పొంగేది జూలైలో. ఆ రెండు నెలల్లోనూ హాస్టళ్లు ఖాళీగానో, కొత్త సెమిస్టరు హడావిడిలోనో ఉంటాయి. ఈ పంచాంగానికీ బస్తీ పంచాంగానికీ పొత్తు కుదిర్చే ఉపాయం నాకు ఇంకా దొరకలేదు.

మేస్త్రీ కూలి దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. అదే బస్తీలో ఉండే మేస్త్రీ చేత పని చేయించాలని విద్యార్థులు పట్టుబట్టారు. రేపు గట్టు పగిలితే పిలవగానే వస్తాడని వారి వాదన, నాకూ నచ్చింది. ఆయన దగ్గర జీఎస్‌టీ బిల్లు ఎక్కడిది? అకౌంట్స్ సెక్షన్ ఆ కాగితం లేకుండా కదలనంది. చివరికి పాత పద్ధతే పనికొచ్చింది: ఏ తేదీన ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో మస్టరు పట్టిక, చెల్లింపు అంతా మేస్త్రీ ఖాతాలోకి, 5,000 దాటిన రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు, దాని మీద అడ్డంగా సంతకం. స్టాంపు కోసం నలుగురూ రెండు పోస్టాఫీసులు తిరిగారు. ఫోనులో ఒక్క గీత గీకి డబ్బు పంపే ఈ కాలపు పిల్లలు, ఆ చిన్న కాగితపు ముక్కను నాలుకతో తడిపి అంటించడాన్ని వీడియో తీసుకున్నారు.

విద్యార్థులను సమాజంలోకి పంపడం మన దేశానికి కొత్తేమీ కాదు. జాతీయ సేవా పథకం 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి సందర్భంగా, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో మొదలైంది. నేనూ ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరునే; రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల శిబిరం. దాని మీద నాకు గౌరవం ఉంది, కాని అందులో పని ఏమిటో పైనుంచి నిర్ణయమై వస్తుంది, విద్యార్థి గంటలు నింపుతాడు. 2014 నవంబరు 11న మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్‌లో ఐఐటీ ఢిల్లీ సమన్వయంతో విద్యాసంస్థలు గ్రామాలను దత్తత తీసుకుంటాయి. మంచిదే, కాకపోతే అది గ్రామాలకే కనుక హైదరాబాదు కళాశాల తన ప్రహరీ వెనకున్న బస్తీని దాటుకుంటూ రంగారెడ్డి జిల్లాలోని ఊరికి బస్సు కడుతుంది. 2020 నాటి జాతీయ విద్యా విధానం తరవాత యూజీసీ సామాజిక భాగస్వామ్యంపై రెండు క్రెడిట్ల కోర్సును కూడా సూచించింది. ఇక సంస్థల సీఎస్ఆర్ సొమ్ము, అంటే 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను కింద పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యతగా ఖర్చు చేయాల్సిన, మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం, నలుగురు విద్యార్థుల 70,000 రూపాయల గుంతల దాకా దిగిరాదు. దానికి పెద్ద అంకెలు కావాలి.

విద్యార్థి చేతికే నేరుగా డబ్బు ఇచ్చే పద్ధతికి నాకు తెలిసిన స్పష్టమైన ఉదాహరణ అమెరికాలోని 'ప్రాజెక్ట్స్ ఫర్ పీస్'. కాథరిన్ డేవిస్ అనే దాత తన నూరో పుట్టినరోజు సందర్భంగా 2007లో పది లక్షల డాలర్లు ఇచ్చి, విద్యార్థులు తలపెట్టే నూరు ప్రాజెక్టులకు ఒక్కోదానికి 10,000 డాలర్ల చొప్పున కేటాయించారు. అది తరవాత ఏటా కొనసాగింది. విద్యార్థిని నమ్మి మొత్తాన్ని అప్పగించే ఆ ధైర్యం నాకు నచ్చుతుంది. ఒక వేసవిలో ముగిసిపోయే ఏర్పాటు మాత్రం మా గుంతలకు సరిపోదు. మూడు నెలల్లో మేము లైన్‌మన్ దాకా కూడా వెళ్లలేకపోయేవాళ్లం.

నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటుంది. ఏ పథకంలోనైనా ప్రాజెక్టుకు పద్దు ఉంటుంది, ప్రాజెక్టు పక్కన కూర్చునే మనిషి సమయానికి పద్దు ఉండదు. ఆరు జట్లకు వారానికి గంట చొప్పున ఆరు గంటలు, అది గాక బస్తీకి, సెక్షన్ ఆఫీసుకు, అకౌంట్స్‌కు తిరుగుడు. నా వర్క్‌లోడ్ పట్టికలో ఇది ఒక్క గంటగా కూడా రాదు. ప్రమోషను దరఖాస్తులో ఒక పరిశోధన వ్యాసానికి ఉన్న విలువ, ఐదేళ్ల ఈ పనికి లేదు. దాంతో ఈ బాధ్యత ఏటా కాదనలేని జూనియర్ల మీద పడుతుంది, వారు రెండో ఏడాదికి తప్పుకుంటారు, నేర్చుకున్నదంతా వారితోనే పోతుంది. రిజిస్ట్రారు గారికి నేను పెట్టిన నోటులో అడిగింది ఇదే: జట్టుకు 75,000 బదులు 60,000 ఇవ్వండి, ఆ మిగిలిన సొమ్ముతో ఇద్దరు అధ్యాపకులకు వారానికి నాలుగు గంటల బోధన తగ్గించి, వారి క్లాసులకు గెస్ట్ లెక్చరర్లను పెట్టండి. ఆరు జట్లకు బదులు నాలుగే తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు. నోటు మీద 'చర్చించండి' అని రాసి వచ్చింది. ఎవరితో చర్చించాలో రాయలేదు.

గుంతల పని మార్చి రెండో వారంలో మొదలై నెలాఖరుకు పూర్తయింది. ఆ గల్లీలో పదకొండు గుంతలుంటే డబ్బు ఏడింటికి సరిపోయింది. ఏ ఏడు అన్నది విద్యార్థులు నిర్ణయించలేదు, బస్తీ ఆడవాళ్లు పెద్దమ్మ వాకిట్లో కూర్చుని నిర్ణయించారు. అందులో రెండుసార్లు గొడవ జరిగింది, ఒకసారి మహబూబ్‌నగర్ అమ్మాయి ఏడ్చింది. చివరి వాయిదా 7,500 రూపాయలను, పనిని బస్తీకి అప్పగించి నాలుగు నెలలు గడిచాక మళ్లీ నీళ్లు పరీక్షించి చూపిస్తేనే ఇస్తామన్నది మా షరతు.

జూలై చివర, నాలుగు రోజుల ముసురు తరవాత వెళ్లాం. రోడ్డు మీద మోరీ పొంగిన గుర్తు గట్టుకు ఆరంగుళాల ఎత్తున నల్లటి గీతలా ఉంది. ఆరు గుంతల్లో మొదటి చెంబు నీళ్లే గులాబీగా మారాయి. ఏడోదాంట్లో రంగు రాలేదు. చూస్తే వాల్వు తీసేసి ఉంది, దానివల్ల నీళ్లు సన్నగా వస్తున్నాయని ఇంటాయన విప్పేశాడట. విద్యార్థులు దాన్ని తమ నివేదికలో రాశారు, దాచలేదు. ఆ తరవాత గల్లీ చివరికి నడిస్తే, మా డబ్బు అందని నాలుగు గుంతల్లో రెండింటికి గట్టు కట్టి ఉంది. ఆ ఇళ్లవాళ్లు సొంత డబ్బుతో అదే మేస్త్రీ చేత కట్టించుకున్నారు. మా మూతలు ఎత్తాలంటే వేళ్లు నలిగేవి, ఆ సంగతి పెద్దమ్మ మార్చిలోనే చెప్పింది, మేం పట్టించుకోలేదు. ఈ రెండు మూతలకు మాత్రం విరిగిన ఇనుప చువ్వను వంచి పిడి పెట్టాడు మేస్త్రీ. మా వాళ్లు దాన్ని ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి చూసుకుని, టేపుతో కొలతలు తీసుకుని డ్రాయింగులో ఎక్కించారు.